విదేశయాత్రికుల ప్రయోజనములు

విజయనగర గోలకొండ రాజ్యముల చరిత్రము వ్రాయఁబూనినవారికి శాసనములును కావ్యములును ఎంత యావశ్యకములో, విదేశయాత్రికుల వ్రాఁతలును అంత యావశ్యకములు. శాసనము దాత పేరును, దానతిథిని, గ్రామపు పొలిమేరలను చెప్పును. కవి రాజును పొగడును. అంగడిలో వస్తువుల వెల యెంత, వీథి యెంత వెడల్పు, రాజు ముఖమున స్ఫోటకపు మచ్చలున్నవా లేవా యను సంగతులను ఎక్కువగాఁ జెప్పినవారు పరదేశులు. ఇంటివారికి నిత్యమును కనఁబడునది వ్రాయఁదగినదిగాఁ దోఁచదు. క్రొత్తగా వచ్చినవానికి అదియే వింత.

అట్టి సాక్ష్యమును గ్రహించుటకు ముందు, న్యాయస్థానమున సాక్షి నడుగు ప్రశ్నయే యిచ్చటను అడుగవలసియుండును: నీ వచ్చటి కేల వచ్చితివి? ఇల్లు వాకిలి విడిచి, కడలులు దాఁటి, ఎడారులు నడచి, భాష తెలియని దేశమున సంవత్సరములు గడపిన మనుష్యుఁడు ఏదో యొకటి కోరియే వచ్చియుండును. ఆ కోరిక అతని కంటికి కొన్నిటిని చూపును, కొన్నిటిని మఱుఁగుపఱచును. యాత్రికుల గ్రంథములనుండి వాక్యముల నేఱి చరిత్రలందుఁ జేర్చుట సుకరము. వ్రాసినవాని ప్రయోజనము నెఱుఁగక చేర్చుట ప్రమాదకరము. విజయనగరపు వైశాల్యవిషయమున నిది స్పష్టముగాఁ గనఁబడును. 1420 ప్రాంతమున వచ్చిన నికొలో కాంటీ యను వెనీసు వర్తకుని వృత్తాంతమున ఆ నగరపు చుట్టుకొలఁత 60 మైళ్లు. ఎనుబదియేండ్లు దాఁటిన పిమ్మట వచ్చిన వర్తెమా యను ఇటలీవాఁడు 7 మైళ్లనెను. డొమింగో పేస్ అను పోర్చుగీసువాఁడు కొలఁత చెప్పుటయే మాని, ఒక కొండయెక్కి కనఁబడినంత చూచి, రోమునగరమంత యున్నట్లు తోఁచెనని వ్రాసెను. (ఆనాఁటి రోము ప్రాచీన సామ్రాజ్యకాలపు రోముకంటె ఎంతయో చిన్న యూరు. ఈ సంగతి మఱచి పేస్ మాటను ఉదాహరించువారు పలువురు.) నగర మొక్కటే, కొలఁతలు మూఁడు. కాలభేదమువలనను, ఏ ప్రాకారమును హద్దుగాఁ గొనిరను భేదమువలనను కొంత తేడా కలుగవచ్చును గాని, మిగిలిన తేడా చూచినవారి మనస్సులలోనిది.

మనవారిలో దేశాటనమునకు ఒప్పుకొనఁబడిన హేతువు తీర్థసేవ. దూరప్రయాణము ప్రాణాపాయముతోఁ గూడినదగుటచేతనే "కాశికి పోయినవాఁడు కాటికి పోయినవాఁడు ఒక్కటే" యను సామెత పుట్టినది. పుణ్యము తప్ప వేఱొక ప్రయోజనము చెప్పుకొనుట పెద్దలకు మర్యాదగాఁ దోఁచెడిది కాదు. పరదేశులలోను ప్రాచీనుల సంగతి యిట్టిదే. చీనాదేశపు భిక్షువు హ్యూయన్‌త్సాంగు 629 ప్రాంతమున, దేశము విడిచి పోరాదను ప్రభుత్వాజ్ఞను ధిక్కరించి, రహస్యముగా బయలుదేఱెను. చీనాభాషలోని బౌద్ధగ్రంథానువాదములు ఒకదానితో నొకటి పొసఁగకుండుటచే, మూలములను తెచ్చి సందేహము తీర్చుకొనుట అతని ప్రయోజనము. అతఁడు ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి, అచ్చటి భిక్షువుల యొద్ద మహాసాంఘికుల అభిధర్మమును చదివి, వారికి మహాయానమును బోధించెను. ఆ ప్రదేశమున సంఘారామములు పెక్కులుండియు చాలవఱకు పాడుపడినవనియు, ఇరువదింటిలో మాత్రము భిక్షువులు వసించుచున్నారనియు వ్రాసెను. పుస్తకములకై వచ్చినవాఁడు విహారములను లెక్కపెట్టెను; ఆ లెక్క నమ్మఁదగినది. అమరావతీస్తూపపు శిల్పసంపదను గూర్చి చరిత్రకారుఁడు కోరునంత వర్ణన మాత్రము అతని గ్రంథమున లేదు. శిల్పమునకై అతఁడు రాలేదు. 645 లో స్వదేశమునకు మరలినప్పుడు అతని వెంటఁబోయినవి 657 గ్రంథములు.

కాంటీ కథ వేఱు. అతఁడు డమాస్కసునుండి బయలుదేఱి, పారసీకభాష నేర్చి, ముసల్మానువర్తకులతోఁ జేరి, 25 ఏండ్లు తూర్పుదేశములు తిరిగెను. తిరుగుదారిలో తన ప్రాణమునకును ఆలుబిడ్డల ప్రాణములకును వెఱచి స్వమతమును వదలవలసివచ్చెను. అయినను ఈజిప్టులో మహామారిచే భార్యయు ఇద్దఱు బిడ్డలును మరణించిరి. ఇటలీకి చేరి, మతత్యాగదోషమునకై పోపును క్షమాపణము వేఁడఁగా, చూచినదంతయు పోపు కార్యదర్శియగు పోగ్గియోకు యథార్థముగాఁ జెప్పవలెనని ప్రాయశ్చిత్తము విధింపఁబడెను. కావున కాంటీ గ్రంథము కాంటీ వ్రాసినది కాదు. తప్పు చేసిన వర్తకుఁడు చెప్పుచుండఁగా, ప్రాచీన గ్రంథములలో మునిఁగిన పండితుఁడు తనకు నచ్చిన సంగతులను లాటినుభాషలో వ్రాసికొన్నది. అఱువది మైళ్ల కొలఁత చెప్పినవానిదో, విన్నవానిదో నిర్ణయించుట కష్టము. ఇచ్చట నొక మాట చెప్పవలసియున్నది. తెలుఁగును "తూర్పుదేశపు ఇటాలియను భాష" యని కాంటీ కొనియాడెనని పాఠ్యపుస్తకములందును సభలయందును తఱచుగా వినఁబడును. పోగ్గియో గ్రంథమున ఆ మాట కానరాదు. అది 19 వ శతాబ్దపు ఆంగ్లేయుల వ్రాఁతలలో వ్యాపించినది. భాషాభిమానము మెచ్చఁదగినదే గాని, పలుకని మాటను పలికినట్లు సాక్షినోటఁ బెట్టుట పండితధర్మము కాదు.

కోరికయే లేక వచ్చినవాఁ డొకఁడు కలఁడు. అబ్దుల్ రజాకు హిరాత్తునగరమున 1413 లో జన్మించిన విద్వాంసుఁడు. తైమూరు కుమారుఁడగు షారూఖు ఆజ్ఞచే 1442 లో దూతగా బయలుదేఱి, హోర్ముజున ఓడయెక్కవలసివచ్చెను. ఓడ వాసన తగిలినంతనే మూర్ఛిల్లి, మూఁడు దినములు ఊపిరిమాత్రముతో పడియుంటినని అతఁడే వ్రాసికొనెను. కళ్లికోట అతనికి నచ్చలేదు. అచ్చటనుండఁగా రెండవ దేవరాయలు పిలిపించుటచే 1443 ఏప్రిలు నెలలో విజయనగరము చేరెను. దినమునకు రెండు గొఱ్ఱెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యము, నెయ్యి, చక్కెర, రెండు వరహాలు రాజు కొలువునుండి యతనికి ముట్టుచుండెను. అంతట నగరము అతనికి అందముగాఁ గనఁబడసాగెను. ఏడు ప్రాకారములు, మణులు పోసి యమ్ము అంగళ్లు, గులాబీలు లేనిదే బ్రదుకలేని జనులు, మహర్నవమి వైభవము — ఇవన్నియు పారసీకగద్యపు అలంకారములతో వర్ణింపఁబడినవి. హోర్ముజువర్తకులు కొందఱు ఇతఁడు నిజమైన రాయబారి కాఁడని పుకారు పుట్టింపఁగా దినభత్యము నిలిచిపోయెను. ఆ దుఃఖమును కూడ అతఁడు దాఁచలేదు. అతని వర్ణనలో అతిశయోక్తిని తీసివైచి చదువవలెననుట అందఱెఱిఁగినదే. ఇష్టములేక వచ్చిన మనుష్యుఁడు మెచ్చుకొన్నపుడు ఆ మెప్పునకు కొంత విలువ కలదని కూడ ఎంచవలెను.

దూరదేశములకు మనుష్యులను లాగినవానిలో గుఱ్ఱమంతటి బలముగలది మఱియొకటి లేదు. దక్షిణాపథమున మేలిజాతి గుఱ్ఱములు పెరుగవు. రాజ్యములు గుఱ్ఱపుదండుమీఁద నిలిచినవి. ఈ రెండు సంగతులే అరేబియాతీరమునుండి విజయనగరమువఱకు బాట వేసినవి. సాళువ నరసింహుఁడు వేయి పర్దావులకు మూఁడు చొప్పున, బ్రదికినవానినేమి చచ్చినవానినేమి, గుఱ్ఱములను కొనెడివాఁడనియు, సముద్రముమీఁద చచ్చినవాని తోఁకలు మాత్రము తెచ్చి చూపిన చాలుననియు నూనిజ్ వ్రాసెను. ఈ నూనిజ్ 1535–37 ప్రాంతమున విజయనగరమున నుండిన పోర్చుగీసువాఁడు. గుఱ్ఱముల బేరగాఁడై యుండునని పండితుల యూహ. అతని గ్రంథమున రాజవంశకథలో తప్పులున్నను, సుంకములు, జీతములు, నాయకులు కట్టవలసిన మొత్తములు, గుఱ్ఱముల వెలలు వచ్చుచోట్ల వ్రాఁత నిలుకడగా నుండును.

గుఱ్ఱముతో వచ్చినవారిలో మిక్కిలి దీనుఁడును, మిక్కిలి విశ్వసనీయుఁడును రష్యాదేశపు ట్వేరునగరవాసి యగు అథనేసియస్ నికిటిన్. 1460–70 నడుమ, వోల్గానది వెంట సరకుతో పోవుచుండఁగా అస్త్రఖాను దగ్గఱ తాతారులు అతని సర్వస్వమును దోఁచిరి. అందఱును ఏడ్చి విడిపోయిరఁట. స్వదేశమున కొంచెము ఆస్తి గలవారు ఇంటికిఁ బోయిరి. అప్పులున్నవారు కన్నులు చూపిన దారిని పట్టిరి. తాను ఏ తెగవాఁడో నికిటిన్ స్పష్టముగాఁ జెప్పలేదు. దెర్బెందుకును అచ్చటనుండి బాకునకును పోతినని మాత్రము వ్రాసెను. అది ఇంటిదారి కాదు. ఎన్నో దూరదేశయాత్రలకు మూలము జిజ్ఞాస కాక ఋణదాత ముఖము చూడలేకపోవుటయే యై యుండును గాని, ఇట్లు వ్రాసినవారు అరుదు.

పారసీకము దాఁటి హోర్ముజున ఒక గుఱ్ఱముతో ఓడయెక్కి చౌలురేవున దిగి, జున్నరు చేరెను. అచ్చటి ఖానుఁడు గుఱ్ఱమును లాగికొని, ఇస్లాము స్వీకరించినచో గుఱ్ఱమును వేయి బంగారునాణెములను ఇచ్చెదననియు, నాలుగు దినములు గడువనియు చెప్పెను. ఖురాసానువాఁడొకఁడు అడ్డుపడి రక్షించెను. బీదరునకు వచ్చి గుఱ్ఱమును అమ్మెను. హిందూస్థానమున సరకులు సమృద్ధిగా నున్నవని తనకు చెప్పినవారు మోసగించిరనియు, రష్యాకు పనికివచ్చు వస్తువేదియు నిచ్చట లేదనియు వాపోయెను. వర్తకుఁడు ఓడిపోయెను. ఆ యోటమి పిమ్మటనే అతని పుస్తకమున చూడఁదగిన సంగతులు పెరిగినవి.

బీదరులో అనేకులు హిందువులతో పరిచయముచేసికొని, తాను ముసల్మానుఁడను కానని చెప్పెను. అంతట వారు తమ భోజనమును, బేరమును, దేవతార్చనను అతనికి దాఁచుట మానిరి. వారితోఁ గలసి శివరాత్రికి "పర్వతము"నకు పోయెను. ఈ పర్వతము శ్రీశైలమని పండితుల నిర్ణయము. యాత్రికులు తల గడ్డము గొఱిగించుకొనుటయు, మనిషికింత యని సుంకము వసూలు చేయుటయు, అయిదు దినముల సంతయు అతఁడు కనెను. క్రైస్తవులకు యెరూషలేము, ముసల్మానులకు మక్కా యెట్లో హిందువులకు పర్వతమట్లని తనవారికి తెలియునట్లు వ్రాసెను. పదునైదవ శతాబ్దపు శ్రీశైలయాత్రను కన్నులారఁ జూచిన విదేశీయుని వ్రాఁత యిదియొక్కటి లభించినది. దీనిని మన స్థలచరిత్రకారులు తగినంత వాడుకొనలేదు. తన పుస్తకములు దోపిడిలో పోవుటచే, ఈస్టరుపండుగ ఎన్నఁడో తెలియక, ఉపవాసములు ఎప్పుడు చేయవలెనో తెలియక నికిటిన్ పడిన క్షోభ పుటపుటను కనఁబడును. స్వభాష చాలనిచోట తుర్కీ పారసీక పదములు కలిపి ప్రార్థించెను. ఇల్లు చేరకమునుపే స్మొలెన్‌స్కు దగ్గఱ మరణించెను. అతని చేవ్రాఁత 1475 లో మాస్కోకు చేరి రాజవృత్తాంతములలో ఎక్కి, 19 వ శతాబ్దారంభమున కరంజిన్ అను చరిత్రకారుని కంటఁబడువఱకు మఱుఁగున నుండెను.

పుణ్యము, పుస్తకము, రాజాజ్ఞ, లాభము — ఇన్ని చెప్పినను చూడవలెనను కోరిక యొకటి మిగులును. దానిని సిగ్గుపడక చెప్పినవాఁడు లుడోవికో ది వర్తెమా. ఇతఁడు బొలోన్యావాసి. చదువుచేతను ఊహచేతను లోకమును తెలిసికొను శక్తి తనకు లేదు గనుక కన్నులతోఁ జూచి తెలిసికొన నిశ్చయించితినని తన గ్రంథమును అంకితమిచ్చుచు విన్నవించుకొనెను. 1502 లో బయలుదేఱి, డమాస్కసున యూనుసు అను పేర మమ్లూకుసైనికులలోఁ జేరి, 1503 లో మక్కా ప్రవేశించెను. ఏడెనులో గూఢచారియని చెఱఁబడి, తప్పించుకొని, పారసీకముమీఁదుగా గుజరాతు, బిజాపురము, కన్ననూరులు చూచి విజయనగరమునకు వచ్చెను. తరువాత పోర్చుగీసువారి పక్షమున యుద్ధముచేసి, వారి ప్రతినిధిచే వీరపదవి పొంది, 1508 లో ఐరోపా చేరెను. 1510 లో రోమున అచ్చుపడిన అతని పుస్తకము అనేక భాషలలోనికి మాఱెను. మతము, పేరు, వృత్తి అన్నియు చూచుటకై మార్చుకొనఁగలవాని మాటను ఎంతవఱకు నమ్మవచ్చును? బంగాళమునకు తూర్పున అతఁడు వర్ణించిన ద్వీపములను నిజముగాఁ జూచెనా యని పండితులు శంకించిరి. విజయనగరపు మూఁడు ప్రాకారములు, ఏడు మైళ్ల చుట్టుకొలఁత మాత్రము కాంటీ కొలఁతకంటె నమ్మఁదగినవి. ఆ రాజు గుఱ్ఱముపై నున్న నగలు ఇటలీలోని కొన్ని నగరములకంటె విలువగలవని అతఁడనెను. ఇది కొలఁత కాదు, ఆశ్చర్యము. ఈ రెంటిని వేఱుచేయుటయే చదువరి పని.

పేస్ ఈ విషయమున అందఱికంటె జాగరూకుఁడు. 1520 ప్రాంతమున వచ్చి, కృష్ణరాయలను దగ్గఱనుండి చూచి, మధ్యమమగు పొడవు, చక్కని చాయ, ముఖమున స్ఫోటకపు మచ్చలు, తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి సాము చేయు అలవాటు వ్రాసెను. కృష్ణరాయల పరివారమున ప్రసిద్ధులగు కవు లెందఱో యుండియు, ఆ ముఖమును ఇట్లు చూపినది ఈ పరదేశి యొక్కఁడే. ఇతని వ్రాఁతయు నూనిజ్ వ్రాఁతయు పారిసు పుస్తకభాండాగారమునఁ బడియుండఁగా, 1897 లో లిస్బనునగరమున డేవిడ్ లోపెజ్ ప్రకటించెను. 1900 లో సీవెల్ వానిని ఆంగ్లీకరించి "మఱచిపోయిన సామ్రాజ్యము" అను గ్రంథమునఁ జేర్చెను. అంతకుముందు ఆంగ్లము చదివిన తెలుఁగువారికిని ఆ సామ్రాజ్యము చాలవఱకు మఱచిపోయినదే.

గోలకొండకు వచ్చినవారికి కారణము వెదకనక్కఱలేదు: వజ్రము. అయినను టవెర్నియర్ తన యాత్రావాంఛకు మూలము వేఱొకటి చెప్పెను. అతని తండ్రి ఆంట్వర్పునుండి పారిసునకు వచ్చిన దేశపటముల వర్తకుఁడు. ఆ పటములను, వానిని గూర్చి తండ్రితో చర్చించు విద్వాంసులను చిన్ననాఁటినుండి చూచుటచే తనకు లోకము చూడవలెనను బుద్ధి పుట్టెనఁట. 1676 లో వెలువడిన అతని గ్రంథమున, కృష్ణాతీరమున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేయుచుండిరని యున్నది. అంకె పెద్దదే గాని, గనిపని, కూలి, తూనిక, బేరమాడు పద్ధతి నిపుణుఁడు చెప్పినట్లున్నవి. ఆ కొల్లూరు ఇటీవల పులిచింతల జలాశయమున మునిఁగినది. 1666–67 లో వచ్చిన థెవనో యను ఫ్రెంచివాఁడు వజ్రములకు కాక కేవలము చూచుటకు వచ్చినవాఁడు. పరుల యాత్రాగ్రంథములు చదివి, స్వంతధనముతో బయలుదేఱి, గోలకొండను బందరును చూచి, 1667 లో పారసీకమున ముప్పదినాలుగవ యేట మరణించెను.

ఇట్టి కుతూహలయాత్రికులలో పీట్రో డెల్లా వల్లే మనకు ఆలోచింపఁదగినవాఁడు. రోమునగరపు కులీనుఁడు, ప్రేమించిన కన్య అన్యుని వరింపఁగా విరక్తుఁడై ఆత్మహత్యవఱకు తలఁచెను. నేపుల్సులోని స్కిపానో యను వైద్యమిత్రుఁడు ప్రయాణము చేయుమని బోధింపఁగా, యెరూషలేము మ్రొక్కుకొని 1614 లో వెనీసున ఓడయెక్కెను. యెరూషలేము చూచిన తరువాతను ఇంటికి మరలలేదు. బాగ్దాదున మాని యను యువతిని వివాహమాడెను. ఆమె 1621 లో పారసీకమున మరణింపఁగా, శవమును చెడకుండ భద్రపఱచి పెట్టెలో నుంచి, హిందూదేశమంతట తనతోఁ ద్రిప్పి, కడకు రోమునకుఁ గొనిపోయి సమాధిచేసెను. చూచినదంతయు స్కిపానోకు జాబులుగా వ్రాయుచుండెను.

1623 నవంబరులో పోర్చుగీసు దూతతోఁ గూడి అతఁడు కెళదినాయకుల ముఖ్యపట్టణమగు ఇక్కేరికి పోయెను. ఒకనాఁడు వీథిలో ముసుఁగులేక గుఱ్ఱమెక్కి, ఒక చేత అద్దమును ఒక చేత నిమ్మపండును పట్టుకొని, వాద్యములతో పోవుచున్న స్త్రీని చూచెను. భర్త మరణించుటచే సహగమనము చేయ నిశ్చయించినదని తెలిసెను. కొన్నిదినములకు వెదకికొని ఆమె యింటికే పోయెను. ఆమె తెలింగజాతి స్త్రీ యనియు, భర్త డోలు వాయించువాఁడనియు వ్రాసెను. అతఁడు ఇటలీలిపిలో వ్రాసిన పేరునుబట్టి చూడఁగా ఆమె జక్కమ్మ కావచ్చును. భర్తకు మఱియిద్దఱు భార్యలు గలరు, వారు చావనొల్లరైరి. జక్కమ్మకు చిన్నబిడ్డలున్నారు. ఎవరైన బలవంతపెట్టిరా యని దుబాసీముఖమున అడుగఁగా, లేదు, నా యిష్టమే యనెను. బిడ్డలమాట యెత్తి మాన్పఁజూచెను; మామ యొద్ద విడిచితి ననెను. ఆమె ఉల్లాసముగా మాటలాడుచుండెనని అతఁడు వింతపడెను. కడకు, నీ వీ పని చేసినయెడల నీ పేరు లోకమున నిలుచునట్లు వ్రాసెదనని మాట యిచ్చెను.

భార్య శవమును పెట్టెలో మోసికొని తిరుగువాఁడు, భర్తతోఁ గాలిపోవనున్న స్త్రీని నీ వేల ఇట్లు చేయుచున్నావని అడుగుచున్నాఁడు. ఈ పోలిక అతనికి తోఁచెనో లేదో అతని వ్రాఁత చెప్పదు. చావును చూచుటకు వచ్చినవాఁడని అతనిని నిందించుట సులభము. కాని ఆమె యింటికిఁ బోయి, పేరడిగి, ఇష్టమడిగి, బిడ్డల నడిగి, ఆ మాటలు వ్రాసిపెట్టినవాఁడు అతఁ డొక్కఁడే. సహగమనముచేసిన స్త్రీలకు మన దేశమున వేలకొలఁది శిలలు నిలిచినవి. వానిలో ఆ స్త్రీ పలికిన మాట చెక్కఁబడినది దుర్లభము. అద్దమును నిమ్మపండును చూడ వచ్చినవానికి అంతటితోఁ దృప్తి తీరియుండవలసినది. వింతను చూచు కోరిక వింతయైన మనుష్యుని అడుగు కోరికగా మాఱుట యాత్రికులలో పలువురకు జరుగలేదు.

మిత్రునికి జాబులు వ్రాసిన తెలుఁగుయాత్రికుఁడును ఒకఁడు గలఁడు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీగా నుండిన ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే 18 న కాశికి బయలుదేఱి, సుమారు నూఱుమంది పరివారముతో కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీఁదుగా పోయి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచి, 1831 సెప్టెంబరు 3 న ఇల్లు చేరెను. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల కంపిన వృత్తాంతమే 1838 లో అచ్చుపడినది. ప్రయోజనము తీర్థసేవయే, అందు సందేహము లేదు. కాని మజిలీల దూరము, నీళ్ల రుచి, అంగళ్లలో దొరకు వస్తువులు, బోయీల యలవాట్లు, జాతుల యాచారములు, కుంఫిణీవారి దొరతనపు తీరు — పుణ్యమునకు ఇవి యేవియు అక్కఱలేదు. కాశికిఁ బోవుచు దారిని చూచిన పెద్దమనిషి ఆయన.

శిథిలములను చూడవచ్చినవారి కథ దీనికి చివర వచ్చును. 1565 జనవరిలో రక్కసితంగడి యుద్ధము జరిగెను. రెండేండ్లకు, 1567 లో, సీజరు ఫెడరిచి యను వెనీసు వర్తకుఁడు విజయనగరమునకు వచ్చెను. ఇండ్లు నిలిచియేయున్నవి గాని వానిలో పులులును క్రూరమృగములును తప్ప మఱియెవరును లేరని వ్రాసెను. అతని పని నెలదినములలో ముగియునది. దారులలో దొంగలుండుటచే ఏడునెలలు అచ్చటనే నిలువవలసివచ్చెను. ఇష్టపడి చూచినవాఁడు కాఁడు, పోలేక యుండినవాఁడు. తరువాత రెండుశతాబ్దములకుఁ బైగా ఆ చోటు దూరదేశీయుల నాకర్షింపలేదు. 1799 లో కాలిన్ మెకంజీ కొలిచి పటము వ్రాసెను. 1856 లో గ్రీన్‌లా యను సైనికాధికారి ఛాయాపటములు తీసెను. ఇంగ్లండున 1841 లో రైలుబండిలో జనులను గుంపుగా విహారమునకు తీసికొనిపోయిన థామస్ కుక్, 1869 లో సూయజుకాలువ తెఱవఁబడిన పిమ్మట, 1872 లో భూప్రదక్షిణమునకే మనుష్యులను వెంటఁబెట్టుకొని బయలుదేఱెను. ఆ దారిలో హిందూదేశమును చేరినది. దొంగలు లేని దారి, ముందుగానే నిశ్చయింపఁబడిన బస, తిరిగివచ్చు తేది — ఈ మూఁటితో ప్రాణభయము తొలఁగెను. ప్రాణభయముతోడనే, ఇంత కష్టపడి ఎందులకు పోవుచున్నావను ప్రశ్నయు తొలఁగెను. నికిటిన్ వలె అప్పులకు వెఱచి గాని, రజాకు వలె ఆజ్ఞకు లోఁబడి గాని పోవువారు ఈ గుంపులలో లేరు. చూడవలెను అను వర్తెమా మాట యొక్కటియే అందఱిదియు నాయెను.

హంపి శిథిలములు 1986 లో ప్రపంచవారసత్వస్థలముల పట్టికకెక్కినవి. ఇప్పుడు వేకువజామున మతంగపర్వత మెక్కి సూర్యోదయమునకై కూర్చుండువారిలో అనేకదేశములవా రుందురు. పేస్ ఎక్కిన కొండ యేదో నిశ్చయముగాఁ దెలియదు. వారి కన్నులకు కనఁబడునది పేస్ చూచిన నగరము కాదు, ఫెడరిచి చూచినది. పులులు మాత్రము లేవు. ఫెడరిచి ఏడునెలలు వేచి బయటపడిన యా చోటును రెండుదినములలో చూచి మూఁడవనాఁడు పోవుదురు.